ప్లగ్గు రంగు చూసే రోజులు

బజాజ్ స్కూటర్ కొనాలంటే ఆ రోజుల్లో చేతిలో డబ్బుంటే చాలేది కాదు. పేరు రాయించుకోవాలి, డిపాజిట్ కట్టాలి, ఆ కాగితం బీరువాలో దాచుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఉద్యోగం, పొలం సంగతి చెప్పాక "స్కూటర్ కూడా బుక్ చేసి ఉందండీ" అని ఓ మాట కలిపేవాళ్లు. అదీ ఆస్తి కిందే లెక్క. విదేశంలో ఉన్న బంధువు డాలర్లలో కడితే వరుసతో పని లేకుండా బండి దొరికే దారి ఒకటుండేది. విజయవాడలో మా సందు మొత్తానికి ఆ దారిన స్కూటర్ తెచ్చుకున్న ఇల్లు ఒక్కటే. తక్కినవాళ్లంతా వంతు కోసం కాచుకున్నవాళ్లే. వంతు రాగానే షోరూమ్ గుమ్మంలోనే బండిని లాభానికి అమ్ముకున్నవాళ్లూ లేకపోలేదు. వాళ్ల ప్రస్తావన వస్తే మా నాన్న మూతి విరిచి ఊరుకునేవాడు.

నాన్న నీటిపారుదల శాఖలో గుమస్తా. ఆయన వంతు 1980ల మొదట్లో వచ్చింది. లేత నీలం రంగు చేతక్. అంత ఎదురుచూసి తెచ్చుకున్న బండిని నాలుగేళ్లు తోలి మార్చేద్దామని ఎవరూ అనుకోరు. రిటైరయ్యేదాకా ఇదే బండి అని నాన్న షోరూమ్‌లోనే తేల్చేశాడు. అన్నేళ్లు నడవాలంటే దాని లోపలి సంగతులు తెలియాలి. అందుకే ఆ తరంలో స్కూటర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక సగం మెకానిక్ ఉండేవాడు. బండి తోలడం, బండి చూసుకోవడం ఒకే విద్యగా నేర్చుకున్నారు వాళ్లు. క్షేమంగా ఇంటికి చేరడం కూడా ఆ విద్యలోదే. ఇప్పుడు తోలేవాళ్లున్నారు, బాగుచేసేవాళ్లు వేరే ఉన్నారు. మధ్యలో ఉన్న ఆ మనిషే లేడు.

చేతక్ పేరు రాణా ప్రతాప్ గుర్రానిది, ఒళ్లు మాత్రం ఇటలీ వెస్పాది. 1960లో బజాజ్ వాళ్లు పియాజ్యో కంపెనీ లైసెన్సుతో ఇక్కడ వెస్పాలు చెయ్యడం మొదలుపెట్టారు. 1971లో ఆ లైసెన్సు గడువు తీరింది. మరుసటి ఏడు చేతక్ వచ్చింది. అసలు వెస్పాకి రూపం ఇచ్చిన కొరాదీనో దాస్కానియో విమానాల ఇంజనీరు. ఆయనకు మోటార్‌సైకిల్ అంటే గిట్టేది కాదట. బట్టలకు నూనె అంటుతుంది, గొలుసు మురికి, చక్రం ఊడదీయాలంటే తల ప్రాణం తోకకు వస్తుంది. అందుకని 1946లో ఆయన తెచ్చిన బండికి గొలుసు లేదు. ఇంజను రేకు డొప్ప కింద దాగింది. గేర్లు ఎడమ చేతిలోకి వచ్చాయి. విమానం చక్రాన్ని పట్టుకున్నట్టు ఇరుసు ఒక్క పక్క నుంచే చక్రాన్ని పట్టుకుంది. ఆయన ఇటలీ సూట్లను దృష్టిలో పెట్టుకున్నాడేమో గానీ, అది సరిగ్గా కుదిరింది మన పంచెకట్టుకు, చీరకట్టుకు. మా హైస్కూలు సంస్కృతం మాస్టారు తెల్లటి పంచెలో చేతక్ మీద వచ్చి, అంతే తెల్లగా దిగేవారు.

ఆ రోజుల్లో వెస్పా వర్గం, లాంబ్రెట్టా వర్గం అని రెండుండేవి. లాంబ్రెట్టా మొదట బొంబాయిలో తయారయ్యేది. ఇటలీలో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక యంత్రాలన్నీ మన ప్రభుత్వమే కొని లక్నోలో స్కూటర్స్ ఇండియా పెట్టింది. అక్కడి విజయ్ సూపర్ ఒకటి మా ఎదురింట్లో ఉండేది. మన రాష్ట్రం పేరు నిలబెట్టడానికి ఆల్విన్ వాళ్ల పుష్పక్ వచ్చింది, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ వాళ్ల వెస్పా వచ్చింది. అభిమానం కొద్దీ కొన్నవాళ్లు కొన్నారు. లాంబ్రెట్టా ఇంజను బండి నడిమధ్యన ఉంటుంది కాబట్టి తూకం బాగుంటుందని ఎదురింటాయన వాదన. చేతక్ ఇంజను కుడి పక్కన వేలాడుతుంది. చేతులు కాస్త వదులు చేస్తే బండి కుడికి లాగుతుందన్నది నిజమే. ఆ మాట మా గుమ్మంలో అంటే మాత్రం నాన్న ఒప్పుకునేవాడు కాదు.

పొద్దున్నే బండి తీయడం పెద్ద తతంగం. ముందు సీటు కింద పెట్రోలు ట్యాప్ తిప్పాలి. దానికి మూడు స్థానాలు: తెరిచింది, మూసింది, రిజర్వ్. తర్వాత చోక్ లాగాలి. హ్యాండిల్ పట్టుకుని బండిని ఒక పక్కకు బాగా వంచి, ఓ క్షణం ఉంచి, నిలబెట్టాలి. ఈ వంచడం దేశమంతా ఉన్న ఆచారం. ఎందుకు వంచాలన్న దాని మీద మా సందులో రెండు సిద్ధాంతాలు. ట్యాంకు అడుగున ఓ మూల మిగిలిన పెట్రోలు గొట్టంలోకి జారుతుందని ఒకటి. కార్బొరేటర్‌లో ఫ్లోట్ కదిలి, పెట్రోలు కాస్త ఎక్కువ దిగి, చల్లటి ఇంజనుకు కావలసిన చిక్కటి మిశ్రమం అందుతుందని రెండోది. నాన్నది రెండో సిద్ధాంతం. ఆ తర్వాత కిక్కు. కిక్కు కాలితో కొట్టేది కాదని, ఒంటి బరువుతో దించేదని నాన్న చెప్పేవాడు. మొదట రాడ్‌ను మెల్లగా నొక్కి, పిస్టన్ పైకొచ్చి అడ్డం పడినట్టు పాదానికి తెలిశాక, అక్కడి నుంచి ఒక్క ఊపున దించాలి. తెలియనివాళ్లు కోపంగా కొట్టేవాళ్లు. రాడ్ వెనక్కి తన్ని పిక్క మీద నీలం మచ్చ తేలేది.

కిక్కు మీద కిక్కు కొట్టి, చోక్ మర్చిపోయి, ఇంజను నిండా పెట్రోలు నింపేసినవాళ్లకూ ఓ విరుగుడు ఉంది. ట్యాప్ మూసెయ్యాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కొన్ని కిక్కులు కొట్టాలి. అప్పటికీ పలక్కపోతే ప్లగ్గు ఊడదీసి తుడవాలి. అదీ కాకపోతే రెండో గేరులో పెట్టి సందు చివరిదాకా తొయ్యాలి. మా సందులో తోసే పని పిల్లలది. బండి అందుకోగానే గుప్పున నీలం పొగ మా మొహాల మీదికి. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే తల తిప్పి చూస్తాను.

పెట్రోలు ఎంత ఉందో చూపించే ముల్లు మా బండికి లేదు. బండిని అటూ ఇటూ ఊపి, ట్యాంకులో చప్పుడు విని లెక్క కట్టాలి. దారిలో ఇంజను గొంతు తగ్గుతోందనగానే, ఆగకుండానే కాళ్ల మధ్య చెయ్యి పెట్టి ట్యాప్‌ను రిజర్వ్‌లోకి తిప్పాలి. ప్రకాశం బ్యారేజి మీద, వెనక లారీ హారన్ కొడుతుండగా, కళ్లు రోడ్డు మీద నుంచి తీయకుండా ఆ పని చెయ్యడం నాన్నకు అలవాటు. మధ్య వయసు వాళ్లంతా ఆ ట్యాప్ ఎక్కడుందో కళ్లు మూసుకుని పట్టగలిగేవాళ్లు. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు నాన్న సందు మలుపులోనే ట్యాప్ మూసేసేవాడు. గొట్టంలో, కార్బొరేటర్‌లో మిగిలిన పెట్రోలుతో బండి గేటు దాకా వచ్చి దానంతటదే ఆగిపోవాలి. రాత్రంతా ఓవర్‌ఫ్లో కాదు, వసారాలో పెట్రోలు వాసన ఉండదు, పొద్దున కిక్కు సుఖంగా పడుతుంది. ఏ మలుపులో మూస్తే సరిగ్గా గేటు ముందు ఆగుతుందో ఆయనకు కొలత తెలుసు. తప్పిన రోజు చివరి గజాలు తోసుకుంటూ వచ్చేవాడు, మొహం మీద ఏమీ జరగనట్టు.

ఆదివారం తలంటుకి ముందు బండి వంతు. వసారాలో పాత సంచీ పరిచి, దాని మీద పనిముట్లు వరసగా పేర్చేవాడు నాన్న: ప్లగ్గు తీసే 21 నంబరు పానా, చక్రం నట్లకు 13 నంబరు, స్క్రూడ్రైవరు, పట్టకారు, సీసాలో కొంచెం కిరసనాయిలు, ఎమరీ కాగితం ముక్క, అమ్మ పాత నూలు చీర చింపిన గుడ్డపేలికలు. కుడి పక్క డొప్ప విప్పి గోడకు ఆనించడం నా పని. ప్లగ్గు క్యాప్ లాగి, ప్లగ్గు విప్పి, ముందు దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసేవాడు. అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టినా ఆ చూపు తిప్పేవాడు కాదు.

"ఏం కనపడుతోందిరా?"

"నల్లగా ఉంది నాన్నా."

"తడి నలుపా, పొడి నలుపా?"

ఆ తేడాలోనే అంతా ఉంది. జిడ్డుగా తడి నలుపైతే ఆయిల్ ఎక్కువ పడింది, లేదా ప్లగ్గు సరిగా మండటం లేదు. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది, చోక్ పూర్తిగా మూసుకుంటుందో లేదో, గాలి వడపోత జాలీ మూసుకుపోయిందేమో చూడాలి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే భయపడాలి, ఇంజను మితిమీరి వేడెక్కుతోంది. లేత కాఫీ పొడి రంగులో ఉంటే ఆ రోజు నాన్న మొహంలో పరీక్ష పాసైన సంతోషం. తర్వాత ఎమరీ కాగితంతో మొన మీది బొగ్గు గీకి, పెట్రోలులో కడిగి, ఊది, మొనల మధ్య సందు చూసేవాడు. అది 0.6 మిల్లీమీటరు ఉండాలి. కొలిచే రేకు ఆయన దగ్గరుండేది గానీ ఎక్కువసార్లు కంటితోనే తేల్చేవాడు. బిగించేటప్పుడు మొదట చేత్తోనే మరలు తిప్పాలి. పానా చివరికే. ఇంజను తల అల్యూమినియంది, మర తప్పి బిగిస్తే ప్లగ్గు పోవడం కాదు, తలే పోతుంది. పానాతో అడ్డగోలుగా బిగిస్తుంటే చెయ్యి మీద చిన్న దెబ్బ పడేది.

అప్పుడప్పుడు మాగ్నెటో చక్రానికున్న కిటికీ లోంచి సీబీ పాయింట్లు చూసేవాడు. వాటి సందు 0.4 మిల్లీమీటరు. అవి మాడితే బండి మిస్ కొడుతుంది, ఎక్కడో ఎత్తు మీద మొరాయిస్తుంది. గేరు బాక్సులో ఆయిల్ వేరే. అది పావు లీటరు పడుతుంది. ఎప్పటికప్పుడు మార్చకపోతే గేర్లు కటకటలాడతాయి. ఏడాదికోసారి, రెండేళ్లకోసారి ఇంజను తల విప్పి, పిస్టన్ మీద పేరుకున్న బొగ్గు గీకించాలి. సైలెన్సర్‌ను మెకానిక్ షెడ్ వెనక నిప్పుల్లో కాల్చేవాళ్లు. లోపలి జిడ్డు మండి దట్టమైన పొగ వచ్చేది. వీధిలో ఆడవాళ్లు ఆరేసిన బట్టలు తీసుకుని తిట్టుకుంటూ లోపలికి పోయేవాళ్లు. మూసుకుపోయిన సైలెన్సర్‌తో బండి ఎత్తు ఎక్కదు. దుర్గ గుడి ఘాట్ రోడ్డు మీద పరీక్షకు పెడితే తెలిసిపోయేది.

కేబుళ్ల సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. క్లచ్ వైరు, గేరు వైర్లు రెండు, యాక్సిలరేటర్ వైరు, ముందు బ్రేకు వైరు, అన్నీ హ్యాండిల్ లోంచి బండి కడుపులోకి పోతాయి. ఏ వైరైనా ఒక్కసారిగా తెగదు. ముందు ఒక పోగు, తర్వాత ఇంకో పోగు. లివర్ దగ్గర వేలితో తడిమితే తెగిన పోగు గుచ్చుకుంటుంది. అలా గుచ్చుకున్న వారమే మార్చినవాడు నడిరోడ్డు మీద నిలబడడు. మా డిక్కీలో ఒక క్లచ్ వైరు, ఒక యాక్సిలరేటర్ వైరు చుట్టలు చుట్టి ఎప్పుడూ ఉండేవి, ఓ కొత్త ప్లగ్గుతో సహా. క్లచ్ వైరు తెగినా బండిని ఇంటికి తెచ్చే విద్య కొందరికి తెలుసు. న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, బండిని తోస్తూ పరిగెత్తి ఎక్కి, మొదటి గేరు వేసుకోవాలి. నాన్న ఆ విద్యను మెచ్చుకునేవాడు కాదు. ట్రాఫిక్‌లో మధ్యలో ఆగాలంటే ఇంజను ఆపడమే గతి. అది సర్కస్, డ్రైవింగ్ కాదు అనేవాడు.

రెండు స్ట్రోకుల ఇంజనుకు విడిగా ఆయిల్ అందదు. పెట్రోలులో కలిపిన ఆయిలే లోపల పిస్టన్‌కీ బేరింగులకీ అందాలి. కొత్తల్లో ఎక్కువే పోసేవాళ్లు. మంచి టూటీ ఆయిల్స్ వచ్చాక లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే నూటికి రెండు పాళ్లు. బంకులో పెట్రోలు గొట్టం పక్కన ఆయిల్‌కు చేతి పంపు ఉండేది. కుర్రాడు పిడి తిప్పితే గాజు గొట్టంలోంచి ఆయిల్ దిగేది. ముందు ఆయిల్, ఆ పైన పెట్రోలు పోయించుకోవాలి, అప్పుడే బాగా కలుస్తుంది. నాన్న బండి దిగి, సీటెత్తి, ఆ గాజు గొట్టం వైపే చూస్తూ నిలబడేవాడు. మొహమాటపడేవాడు కాదు.

ఆ జాగ్రత్త ఎందుకో ఒకసారి అందరికీ తెలిసింది. జగ్గయ్యపేటలో పెళ్లి. నాన్న, వెనక అమ్మ, ముందు నేను నిలబడి. వేసవి. నందిగామ దాటే ముందు ఒక బంకులో పెట్రోలు పోయించాం. అక్కడ ఆయిల్ పంపు పిడి తిరిగింది గానీ లోపల ఆయిల్‌కు బదులు గాలే ఎక్కువ దిగినట్టుంది. కొంత దూరం పోయాక ఇంజను గొంతులో సన్నటి ఇనుప చప్పుడు మొదలైంది. యాక్సిలరేటర్ తిప్పినా బండి లాగడం లేదు. నాకేమీ అర్థం కాలేదు. నాన్న ఎడమచేతి వేళ్లు అప్పటికే క్లచ్ మీద ఉన్నాయి. వెనక చక్రం కీచుమని పట్టేయబోయిన క్షణంలో ఆయన క్లచ్ నొక్కేశాడు. ఇంజను ఆగిపోయింది, చక్రం మాత్రం తిరుగుతూనే ఉంది. బండి జారకుండా మెల్లగా రోడ్డు పక్కకు ఒరిగి ఆగింది. క్లచ్ అందుకోవడం ఆలస్యమైతే వెనక చక్రం బిగుసుకుపోయి మేం ముగ్గురం రోడ్డు మీద దొర్లేవాళ్లం.

"ఏమైందండీ?" అంది అమ్మ, కొంగు సర్దుకుంటూ.

"పిస్టన్ పట్టేసింది. దిగు."

చింతచెట్టు కింద చాలాసేపు ఇంజను చల్లారనిచ్చాడు. ప్లగ్గు విప్పి, డిక్కీలో సీసా లోంచి ఆ రంధ్రంలో నాలుగు చుక్కలు ఆయిల్ వేశాడు. కిక్ రాడ్‌ను చేత్తోనే అటూ ఇటూ కదిపాడు. పిస్టన్ కదిలింది. ట్యాంకులో ఇంకాస్త ఆయిల్ పోసి, బండిని బాగా ఊపి కలిపి, నింపాదిగా తోలుకుంటూ పెళ్లికి చేర్చాడు. భోజనాల దగ్గర ఆలస్యానికి అమ్మ ఏదో సాకు చెప్పింది. విజయవాడ వచ్చాక ఆటోనగర్‌లో బోరు కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్లీ కొత్త బండికి చేసినట్టే రన్నింగ్-ఇన్. మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా తోలుతూ, ఆయిల్ కాస్త ఎక్కువ పోస్తూ. దారిలో సైకిలువాళ్లు కూడా దాటిపోతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. నాన్నకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

తిరుపతిలో ఉండే మా బాబాయి దగ్గర ఇంకో పాఠం విన్నాను. తిరుమల నుంచి దిగేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు మీదుగా. దిగుడు కదా అని కొందరు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, ఇంకొందరు పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలేసి వస్తారు. న్యూట్రల్‌లో వస్తే భారమంతా బ్రేకుల మీదే. డ్రమ్ము వేడెక్కిపోయి, లైనింగ్ పట్టు వదిలేస్తుంది, కిందికి వచ్చేసరికి పెడల్ నొక్కినా బండి వినదు. గేరులో వస్తే ఇంజను కొంత పట్టుకుంటుంది గానీ, యాక్సిలరేటర్ మూసి ఉంటే పెట్రోలు పోదు, పెట్రోలు పోకపోతే ఆయిలూ పోదు. అంటే దిగుడులోనే, ఇంజను గిరగిరా తిరుగుతున్నప్పుడే, దానికి తడి అందదు. అందుకని రెండో గేరులో వస్తూ, మధ్య మధ్యలో క్లచ్ పట్టి ఓసారి యాక్సిలరేటర్ తిప్పి వదలాలి. బాబాయి చెప్పిన ఆ కిటుకు రెండు స్ట్రోకుల బళ్లన్నిటికీ పనికొస్తుంది. నాలుగు స్ట్రోకులవాళ్లకు ఎందుకో కూడా అర్థం కాదు.

టైర్లు చిన్నవి. చేతక్‌వి 10 అంగుళాల రిమ్ములు, కొన్ని పాత బళ్లకు 8 అంగుళాలే. పెద్ద చక్రం దొర్లుకుపోయే గుంటలో చిన్న చక్రం దిగబడుతుంది. గాలి సరిగా లేకపోతే ఇసుక మీద హ్యాండిల్ చేతిలో ఉండదు. ముందు చక్రానికి 18, వెనక ఒక్కరే అయితే 25, ఇద్దరుంటే 36. గాలి కొట్టే కుర్రాడికి నాన్న ఈ అంకెలు చెప్పి, కొలిచేదాకా కదిలేవాడు కాదు. పంక్చరైతే వెనకున్న స్టెప్నీ బిగించడానికి ఎక్కువసేపు పట్టదు. దాస్కానియో ఒంటి పక్క ఇరుసు మహిమ అది. అక్కడా ఒక ప్రమాదం పొంచి ఉండేది. రిమ్ము రెండు పళ్లాలుగా ఉంటుంది. వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచే నట్లు వేరు, చక్రాన్ని డ్రమ్ముకు బిగించే నట్లు వేరు. ట్యూబులో గాలి ఉండగా తెలియక మొదటి రకం నట్లు విప్పితే, ఆ పళ్లేలు విడిపోయి మొహం మీదికి ఎగురుతాయి. ఏవి ఏ నట్లో నాన్న నా చేత వేలితో తాకించి చెప్పించాడు, ఒకసారి కాదు. మళ్లీ బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించాలి.

రాత్రి తోలడం మరో విద్య. మా బండికి బ్యాటరీ లేదు. మాగ్నెటో ఎంత తిరిగితే అంత వెలుతురు. స్పీడు తగ్గిస్తే లైటు మిణుకుమంటుంది, అంటే గుంట దగ్గరికి వచ్చి బండి మెల్ల చేసిన చోటే గుంట కనపడదు. అందుకని నాన్న క్లచ్ నొక్కి యాక్సిలరేటర్ తిప్పి, ఇంజను గోల పెట్టించి, ఒక్కసారి దారి చూసి వదిలేవాడు. వీధిలో ఎవరి స్కూటర్ వస్తోందో ఆ గోలను బట్టే అమ్మ చెప్పేది.

వెనక బ్రేకు కాలితో, ముందుది చేత్తో. చాలామంది ముందు బ్రేకును అలంకారంగా భావించేవాళ్లు. దానితో పల్టీ కొడతామని భయం. వెనకది ఒక్కటే బలంగా తొక్కితే తడి రోడ్డు మీద వెనక చక్రం బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. వానాకాలంలో ఏలూరు కాలవ గట్టు మీద అలా జారినవాళ్లను చాలామందిని చూశాను. రెండూ కలిపి, ముందు మెల్లగా మొదలుపెట్టి, ఆపైన గట్టిగా పట్టాలన్నది నాన్న పద్ధతి. నెలకోసారి పెడల్ ఆట ఎంత ఉందో చూసి, వెనక చక్రం దగ్గరి మరతో సరిచేసేవాడు. వానలో డొప్ప కింద ప్లగ్గు క్యాప్ తడిస్తే ఇంజను ఆగిపోతుంది. అందుకని ఓ పాత సైకిల్ ట్యూబు ముక్కను దానికి తొడుగులా కోసి వేశాడు.

ఆయన చేతికి మించిన పని మెకానిక్ సాయిబు గారిది. రేకుల షెడ్డు, నూనె పీల్చిన నేల. ఆయన దగ్గరికి బండి తీసుకెళ్తే మాట్లాడే ముందు స్టార్ట్ చెయ్యమనేవారు. చెవి ఒక పక్కకు పెట్టి వినేవారు. "గుమస్తా గారూ, బేరింగు కాదండి, రింగులు. ఇంకో నెల లాగిస్తుంది, జీతాలు పడ్డాక రండి" అని పంపించేసేవారు. నెల మధ్యలో వచ్చిన గుమస్తా జేబు సంగతి కూడా ఆ చెవికి వినపడేది. ఇప్పటి సర్వీస్ సెంటర్లలో బిల్లు ముందు వస్తుంది, బండి తర్వాత వస్తుంది. ఏం చేశారో బిల్లు చదివినా తెలియదు.

ఇంత జాగ్రత్త మనుషులు తల మాత్రం గాలికి వదిలేశారు. హెల్మెట్ పెట్టుకోవాలని 1988 మోటారు వాహనాల చట్టంలో ఉంది. మా సందులో హెల్మెట్ గూట్లో బోర్లించి ఉండేది, దాంట్లో తాళం చెవులు వేసేవాళ్లు. ముందు నిలబడ్డ పిల్లాడు, భర్త ఒళ్లో ఇంకొకడు, వెనక పక్కకు తిరిగి కూర్చున్న భార్య ఒళ్లో చంటిది, కాళ్ల దగ్గర గ్యాస్ సిలిండరు. ఇదంతా సరదా ఫోటోల్లో ఇప్పుడు ముచ్చటగా కనపడుతుంది. ప్లగ్గు మొనల సందు కొలిచిన ఆ తరం ఈ లెక్క ఎందుకు వెయ్యలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పాత రోజులు మంచివి అని ఎవరైనా అంటే ఆ గూట్లో హెల్మెట్ గుర్తొస్తుంది.

మార్పు కాస్త కాస్తగా వచ్చింది. 1980ల మధ్యలో కైనెటిక్ హోండా దిగింది. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్ట్. మా ఎదురింటాయన దాన్ని ఆడపిల్లల బండి అని కొట్టిపారేశాడు. రెండేళ్లలో తన కూతురికి అదే కొన్నాడు. 1985లో హీరో హోండా వచ్చాక లీటరుకు ఎంత ఇస్తుందన్న ప్రశ్న ముందుకొచ్చింది. ఆ లెక్కలో చేతక్ నిలబడలేదు. 1989లో హమారా బజాజ్ ప్రకటన టీవీలో వస్తుంటే ఇల్లంతా కూర్చుని చూసేవాళ్లం గానీ, అప్పటికే కుర్రాళ్ల కళ్లు మోటార్‌సైకిళ్ల మీద ఉన్నాయి. పొగ నిబంధనలు బిగిశాయి. ఆ నీలం పొగను సమర్థించలేం. సిగ్నల్ దగ్గర రెండు స్కూటర్ల వెనక నిలబడ్డవాళ్లకు తెలుసు. 2000ల మొదట్లో యాక్టివా వచ్చి, స్కూటర్ అంటే ఇలాగే ఉంటుందనిపించింది. 2009 చివర్లో బజాజ్ స్కూటర్ల తయారీ నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించింది. 2020లో మళ్లీ చేతక్ పేరే వచ్చింది, కరెంటు బండిగా. పెట్రోలు లేదు, ప్లగ్గు లేదు, ఆయిల్ కలపక్కర్లేదు. టైర్లలో గాలి, బ్రేకులు మాత్రం అప్పటిలాగే చూసుకోవాలి, ఎవరూ చూసుకోరు.

నాన్న బండి ఆయన పోయాక చాలాకాలం షెడ్‌లో ఉండిపోయింది. పోయిన ఏడు మా అక్క కొడుకు హైదరాబాద్ తీసుకెళ్లాడు. పాత స్కూటర్లను బాగుచేసుకుని ఆదివారాలు తోలడం ఇప్పుడు కుర్రాళ్లలో సరదాగా మారింది. వాడికి ఫోన్‌లో చెప్పాల్సినవన్నీ చెప్పాను. గీతలు బాగున్నాయని పాత టైర్లను నమ్మొద్దు, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, ట్యూబులతో సహా మార్చు. వైర్లన్నీ కొత్తవి వెయ్యి, బ్రేకు లైనింగ్ డ్రమ్ముకు అంటుకుపోయి ఉంటుంది, విప్పి చూడకుండా రోడ్డెక్కకు. ట్యాంకులో పాత పెట్రోలు పారబోసి కడుగు. ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, అవీ మార్చు. మొదటి కిక్కుకు ముందు ప్లగ్గు రంధ్రంలో ఆయిల్ చుక్కలు వేసి, రాడ్‌ను చేత్తో తిప్పి చూడు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు తీరిపోయింది, ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. హెల్మెట్ లేకుండా గేటు దాటకు.

వాడు అన్నీ చేశాడు. రెండు నెలల తర్వాత ఓ ఆదివారం పొద్దున్నే ఫోన్.

"మావయ్యా, స్టార్టయింది. కానీ కాస్త దూరం పోయి ఆగిపోతోంది. ప్లగ్గు తీసి చూశాను, నల్లగా ఉంది."

"తడి నలుపా, పొడి నలుపా?"

"ఫోటో పంపుతాను."

"ఫోటోలో తెలియదురా, వేలితో ముట్టుకో."

కాసేపు నిశ్శబ్దం. "జిడ్డుగా ఉంది."

"లీటరుకి ఎంత పోశావు?"

"తాతయ్య బండి కదా, అందాజాగా కాస్త ఎక్కువే పోశాను" అన్నాడు. సగం ట్యాంకు ఖాళీ చెయ్యి, ఉత్త పెట్రోలు కలిపి మళ్లీ లెక్క కట్టు అని చెప్పాను. కొలత గ్లాసు కొనుక్కోమన్నాను.